మూడున్నర శాతం సముద్రం

ఆ ఆదివారం ఉదయం జ్యోత్స్న వేసుకున్న పథకం చిన్నదే. అత్తగారి పూజ పూర్తయ్యేలోగా సముద్రాన్ని మేడ మీదికి తేవాలి.

కావలసినవన్నీ సిద్ధంగా ఉన్నాయి. పలాస పక్కనే కలిసిపోయిన కాశీబుగ్గలో వాళ్ళుండే మూడంతస్తుల అపార్ట్‌మెంటు పైన, ఒక మూల, ఎవరికీ పట్టని పాత నల్ల ట్యాంకు ఉంది. అయిదు వందల లీటర్లది. పెద్ద ట్యాంకు వచ్చాక దాని పైపు పీకేశారు. "ఆ ట్యాంకు నాలాగే రిటైరైపోయిందమ్మా. నీ ఇష్టం వచ్చినట్టు వాడుకో" అని అసోసియేషన్ ప్రెసిడెంటు గోవిందరావు కిందటి వారమే అన్నాడు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి దిగినవాడు, పచ్చజెండా అంత తేలిగ్గా ఊపడు. నౌపడలో ఉప్పు వర్తకుడి దగ్గర పనిచేసే తమ్ముడు కామేశ్ ముందురోజు సాయంత్రం ఉప్పు బస్తా తెచ్చి ట్యాంకు పక్కన పెట్టాడు. నీళ్ళు కూడా నింపి వెళ్ళమని వాడికే చెప్పింది. ఇప్పుడు మూత తీసి చూస్తే ట్యాంకు నిండుగా ఉంది. మంచి తమ్ముడు అనుకుంది.

జ్యోత్స్న ఊళ్ళో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. సముద్రం తయారుచేయడం ఆమెకి బ్రహ్మవిద్య కాదు. లీటరుకి ముప్ఫై అయిదు గ్రాముల ఉప్పు, అయిదు వందల లీటర్లకి పదిహేడున్నర కిలోలు. తాను బరువు చూసుకునే మిషన్ని మేడ మీదికి తెచ్చి ఉప్పు తూచింది. పిల్లలకి ఏటా చెప్పే మాట తనకు తానే చెప్పుకుంది: లెక్క లీటరు ద్రావణానికి, లీటరు నీళ్ళకి కాదు. అందుకని ముందు రెండు బకెట్ల నీళ్ళు తీసి పక్కన పెట్టి, ఉప్పంతా పోసి, వెదురు కర్రతో కరిగేదాకా కలిపి, అప్పుడు మళ్ళీ పై గీత దాకా నింపింది. అసలు సముద్రం కూడా అంత శ్రద్ధగా తయారై ఉండదు.

ఇదంతా అత్తగారు సన్యాసమ్మ కోసం.

సన్యాసమ్మది మంచినీళ్ళపేట. పేరులో మంచినీళ్ళూ, వీధి చివర ఉప్పునీళ్ళూ ఉన్న ఉద్దానం తీరపు పల్లె. కంట్లో శుక్లం తీయించడానికి పెద్దకొడుకు, అంటే జ్యోత్స్న భర్త చిరంజీవి, ఆమెను పలాస తీసుకొచ్చాడు. కన్ను బాగైంది. బాగయ్యాకే చిక్కొచ్చింది. ఏ కిటికీలోంచి చూసినా సముద్రం లేదన్న సంగతి ఆమెకి స్పష్టంగా కనబడసాగింది.

పట్టాల మీద గూడ్సు బండి వెళ్తుంటే అలల చప్పుడనుకుని లేచి కూర్చునేది. అన్నం తిన్నాక నాలుకతో పెదాలు తడుముకునేది.

"మా ఊర్ల ఊరికే గుమ్మంల కూకుంతే సాలు, గాలికి పెదాల మీద ఉప్పు పేరుతాది. ఇక్కడ పెదాలు కూడా సప్పగుంతయే పిల్లా" అనేది కోడలితో. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు. ఇవాళ మబ్బు పట్టింది అన్నట్టు అనేది. జ్యోత్స్నకి ఆ తీరే భరించలేనిదిగా ఉండేది. తిడితే తిట్టిందిలే అని ఊరుకోవచ్చు.

ఆ ఆదివారానికో ప్రత్యేకత ఉంది. చేపల వేట నిషేధం ముగిసి బోట్లు మళ్ళీ సముద్రంలోకి దిగే రోజు. సన్యాసమ్మ ఇంట్లో ఆ రోజుకి ఒక పద్ధతి ఉంది. ఇంటి పెద్దామె మోకాలి లోతు నీళ్ళలో నిలబడుతుంది. రెండు అలల్ని వదిలేసి మూడో అల నీళ్ళు చెంబులో పట్టి బోటు ముక్కు మీద పోస్తుంది. మొదటి రెండూ గంగమ్మవి, మూడోది మనది. ఆ నీళ్ళు పడితేనే బోటు కదులుతుంది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చి, అత్త చేతిలోంచి చెంబు తన చేతిలోకి వచ్చిన ఏడు నుంచి సన్యాసమ్మ ఒక్కసారి కూడా తప్పలేదు. ఊళ్ళో ఉన్న చిన్నకొడుకు రాజు ఫోన్‌లో తెగేసి చెప్పాడు. "ఊరందరూ దిగిపోనీ. నువ్వు పోత్తేనే నాను దిగుతాను."

పెద్దకొడుకు మాత్రం కదల్లేదు.

"కంటికి ఉప్పుగాలి తగలకూడదన్నాడమ్మా డాక్టరు."

"అన్నాడు, అయిపోయినాది. మొన్న సూసి బాగున్నాది అనీసినాడు గదా. అయినా ఒద్దన్నది కన్నుకిరా, కాళ్ళకి కాదు."

"వచ్చే ఆదివారం సూద్దాం."

జీడిపప్పు వ్యాపారం చేసే చిరంజీవి దగ్గర వచ్చే ఆదివారాల నిల్వ ఎప్పుడూ తరిగేది కాదు. అడిగితే వ్యాను ఖాళీ లేదనేవాడు, ఖాళీ ఉంటే టైర్లు బాగాలేవనేవాడు. రెండూ బాగుంటే డాక్టరుని తెచ్చేవాడు. తాను బస్సులో తీసుకెళ్తానని జ్యోత్స్న ఒకసారి అంటే, అతను రెండు పూటలు అన్నం తినలేదు. ఆ కోపం ఎందుకో ఆమెకి అర్థం కాలేదు.

అందుకే శనివారం సాయంత్రం అత్తగారి పక్కన కూర్చుని పథకం చెప్పింది. "నువ్వు సముద్రం దగ్గరికి వెళ్ళక్కర్లేదత్తా, నేనే తెస్తాను. మేడ మీద ట్యాంకులో కలుపుతాను. వాల్వు తిప్పితే నీ కాళ్ళ మీదికి అలలాగే వస్తాది. చెంబుతో పట్టి తూర్పుకి పొయ్యి. రాజు వీడియో కాల్‌లో చూసి అక్కడ బోటు దించుతాడు."

సన్యాసమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. "తెచ్చి, దాన్ని ఎక్కడ కడతావే?"

నవ్వింది గాని, ఆ సాయంత్రమే పెరడు లేని ఇంట్లో, స్నానాలగది నేల మీద కూర్చుని ఇత్తడి చెంబుని చింతపండుతో తళతళలాడేలా తోమింది.

ఇక జ్యోత్స్నకి తెలియని సంగతి ఒకటుంది. శనివారం మధ్యాహ్నం పెద్ద ట్యాంకు అడుగున పగిలింది. ప్లంబరు వచ్చి, రెండు రోజుల సర్దుబాటుగా, అపార్ట్‌మెంటు పైపుల్ని పాత నల్ల ట్యాంకుకి గోడ వైపు నుంచి కలిపి, మోటారు వేసి నింపి వెళ్ళాడు. గోవిందరావు ఆ వార్తని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. జ్యోత్స్న ఆ గ్రూపు నోరు ఎప్పుడో నొక్కేసింది, రోజూ వచ్చే శుభోదయం గులాబీలు భరించలేక. సాయంత్రం వచ్చిన కామేశ్ నిండిన ట్యాంకు చూసి, అక్కే నింపుకుందనుకుని వెళ్ళిపోయాడు. రాత్రి తగ్గిన నీళ్ళని గోవిందరావు తెల్లారకముందే మోటారు వేసి మళ్ళీ నింపాడు.

రిటైరైన ట్యాంకు మళ్ళీ డ్యూటీలో చేరింది. అందులో సముద్రం ఉంది.

మొదట దాన్ని రుచి చూసింది చిరంజీవి. పళ్ళు తోముకుని పుక్కిలించి, అద్దంలో తనని తాను అనుమానంగా చూసుకున్నాడు.

"ఏటే, పేస్టు మార్చినావా? ఉప్పుప్పగా ఉంది."

"అదే పేస్టు బావా."

"బాగుంది. ఇదే తెస్తుండు."

జ్యోత్స్న కొనుక్కున్న క్యాను నీళ్ళతో టీ పెడుతోంది కాబట్టి ఆమెకి ఏ అనుమానమూ రాలేదు. అత్తగారు దేవుడి గదిలో దీపం పెట్టుకుంటోంది. అంతా సవ్యంగా ఉంది.

కింద అంతస్తులో సవ్యంగా లేదు. అక్కడ నాగమణి టిఫిన్ల వ్యాపారం చేస్తుంది. ఆదివారం పొద్దున్నే రైల్వే వాళ్ళు ఇడ్లీలకి బారులు తీరతారు. చట్నీ గట్టిగా ఉందని చెంబెడు నీళ్ళు పోసింది. రుచి చూస్తే ఉప్పెక్కువైంది. ఉప్పు తగ్గుతుందని ఇంకో చెంబు పోసింది. ఇంకా ఎక్కింది. మరో చెంబు పోసింది. పలచన చేసినకొద్దీ గాఢత పెరగడం రసాయనశాస్త్ర చరిత్రలో అంతకుముందు ఎక్కడా నమోదు కాలేదు.

"ఓలమ్మో, నా సెయ్యికేటైనాది!" అని నాగమణి చేతిని ఎత్తి పట్టుకుని మెట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది, అదేదో చేతిలోనే ఉన్న రోగమైనట్టు.

అదే సమయానికి పై అంతస్తు నుంచి గోవిందరావు దిగాడు. నడుముకి తువ్వాలు, ఒంటి నిండా సబ్బు. ఆ సబ్బు నురగ కాలేదు, పోనూ లేదు. సున్నం వేసిన గోడలా ఉన్నాడు. కళ్ళు ఎర్రగా మండుతున్నాయి.

"ఎవరు? ఈ నీళ్ళనేం చేశారు? ఎవరు?"

ఎవరూ జవాబు చెప్పకముందే సూర్యప్రకాష్ బండి ఆగింది. మంచినీళ్ళ ప్లాంటు నడిపే సూర్యప్రకాష్ రోజూ క్యాన్లు దించి వెళ్తాడు. ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండవలసిన చోట నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే చిన్న మీటరు ఉంటుంది. ఎవరింటికి వెళ్ళినా కుళాయి నీళ్ళలో ముంచి, అంకె చదివి, తల అడ్డంగా ఊపుతాడు. క్యాన్లు అమ్ముడుపోవడానికి ఆ ఊపు చాలు. ఉద్దానంలో నీళ్ళ గురించి ఎవరైనా అంకె చెబితే జనం నవ్వరు. నీళ్ళంటే కిడ్నీలు గుర్తొచ్చే ప్రాంతం అది.

వాకిట్లో కుళాయి నీళ్ళు పట్టి మీటరు ముంచాడు. అంకెలు గబగబా పరుగెత్తి, హఠాత్తుగా మాయమై, ఒక అడ్డగీత మిగిలింది.

"చేతులెత్తేసింది సార్" అన్నాడు సూర్యప్రకాష్, బాధ లేకుండా. "నా సర్వీసులో ఇదే ఫస్టు."

గోల విని అప్పటికే జ్యోత్స్న కిందికి వచ్చింది. మేడ మీది ట్యాంకుకీ కింద కుళాయికీ సంబంధం లేదని ఆమె గట్టి నమ్మకం. పైగా, ఎదుట ఒక కొలత సగంలో ఆగిపోతే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాదు.

"మీటరు పరిధి దాటిందంతే. ఒక గ్లాసు ఈ నీళ్ళు తీసుకుని, మీ క్యాను నీళ్ళతో పది గ్లాసులకి పలచన చెయ్యండి. వచ్చిన అంకెని పదితో హెచ్చవేస్తే సరి."

సూర్యప్రకాష్ చెప్పినట్టే చేశాడు. చదివాడు. పెదాలతో హెచ్చవేశాడు. తర్వాత మూడు అంతస్తులకీ వినబడేలా అరిచాడు.

"ముప్ఫై అయిదు వేల పీపీఎం!"

మెట్ల మీద ఎవరిదో గిన్నె దొర్లింది. జ్యోత్స్న గుండె దానికంటే ముందు దొర్లింది. ఆ అంకె ఆమెకి తెలుసు. పొద్దున్నే తనే తూచి, తనే కలిపి, పై గీత దాకా తనే నింపిన అంకె. దాన్ని ఇంత నిక్కచ్చిగా బయటపెట్టే ఉపాయం కూడా తనే చెప్పింది.

"పీపీఎం అంటే కంగారు పడక్కర్లేదండీ" అంది గొంతు సవరించుకుని. "పది లక్షల పాళ్ళలో ముప్ఫై అయిదు వేల పాళ్ళు. అంటే మూడున్నర శాతమే."

గోవిందరావు ఎర్రటి కళ్ళు చికిలించాడు. "ఇప్పుడే ముప్ఫై అయిదు వేలన్నారు?"

"రెండూ ఒకటేనండీ."

"ముప్ఫై అయిదు వేలూ మూడున్నరా ఒకటా? నేను ముప్ఫై ఏళ్ళు రైళ్ళు నడిపించానమ్మా, ఇలాంటి లెక్క రాస్తే రెండు బండ్లు గుద్దుకుంటాయి."

"కొలిచే పద్ధతి వేరండీ. మొలారిటీలో చెప్పాలంటే సున్నా పాయింట్ ఆరే."

"ఇంకా తగ్గినాదా?" నాగమణి చెయ్యి దించి ముందుకొచ్చింది.

"మోల్ భాగంలో చూస్తే నూటికి ఒక్క పాలు."

"అబ్బ!" నాగమణి మొహం విచ్చుకుంది. "అలగే ఇంకో రెండు పేర్లు సెప్పమ్మా, మంచినీళ్ళయిపోతాయి. నా ఇడ్లీలు సల్లారిపోతన్నాయి."

గోవిందరావు తువ్వాలు బిగించుకున్నాడు. ప్రెసిడెంటుగా ఒక ముగింపుకి రావలసిన బాధ్యత ఆయన మీద ఉంది. "మేడమ్ మనల్ని ఓదారుస్తోంది గాని సంగతి అది కాదు. మీటరు అబద్ధం చెప్పదు. సముద్రం భూమి లోపల నుంచి పాక్కుంటూ వచ్చి మన బోరులో పడింది. ఇళ్ళు ఖాళీ చెయ్యాల్సిందే."

ఆ మాట మెట్లెక్కింది. రెండో అంతస్తులో ఎవరో టెక్కలిలో ఉన్న బావమరిదికి ఫోన్ చేశారు. టెక్కలి బావమరిది హరిశ్చంద్రపురంలో చుట్టాలకి చెప్పాడు. చుట్టాలు వెంటనే ఇక్కడికే ఫోన్ చేసి, పలాస మునిగిపోయిందట, మీరెక్కడున్నారని అడిగారు. వాళ్ళు కిటికీలోంచి ఒకసారి చూసుకుని మరీ జవాబు చెప్పారు. ఎందుకైనా మంచిదని ఒకాయన స్కూటర్ని గట్టు మీదికి ఎక్కించాడు. "సముద్రం వచ్చేసిందట! సముద్రం వచ్చేసిందట!"

మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. సన్యాసమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఇత్తడి చెంబు గుండెకి హత్తుకుని, మెట్లు దిగుతోంది. ఆ వయసులో అంత గబగబా దిగడం ఎవరూ చూడలేదు.

"వచ్చీసినాదా? ఏది? ఎక్కడున్నాది?"

నాగమణి కుళాయి వైపు చూపించింది.

సన్యాసమ్మ చెప్పులు విడిచింది. కుళాయి తిప్పి, దోసిట పట్టి, నాలుకకి తాకించుకుంది. తర్వాత తడిచేతిని పెదాలకి రాసుకుంది. నల్లద్దాల కింద నుంచి ఒక చుక్క జారి గడ్డం దాకా వచ్చింది. అదీ ఉప్పుదే.

అప్పుడామె చేసిన పని చూడటానికి అందరూ మెట్ల పిట్టగోడ మీదికి వంగారు. చీర కాస్త ఎత్తి, కాళ్ళు కుళాయి కింద పెట్టి, తిప్పింది. నీళ్ళు పాదాల మీద దబ్బున పడ్డాయి. కట్టేసింది. అది ఒక అల. మళ్ళీ తిప్పి, కట్టేసింది. రెండు. మూడోసారి తిప్పి చెంబు పట్టింది.

చెంబు నిండాక బోటు ముక్కు కోసం చుట్టూ చూసింది. వాకిట్లో ముక్కున్నదేదైనా ఉంటే అది చిరంజీవి జీడిపప్పు వ్యానే. చెంబెత్తి దాని ముందు అద్దం మీద పోయబోతుంటే నడుముకి దోపుకున్న ఫోన్ మోగింది. రాజు.

"అమ్మా, ఊరందరూ దిగీసినారు. నా బోటొక్కటే ఇసకల ఉండిపోయినాది. పోత్తన్నావా నేదా?"

"పోత్తన్నానురా. సముద్రం ఇంటికొచ్చీసినాది."

"సముద్రం నా ముందరే ఉందమ్మా! ఇక్కడుండగా అక్కడికెలగొత్తాది?" రాజు గొంతు తగ్గించాడు. "అమ్మా... ఒంట్లో బాగుందా?"

సన్యాసమ్మ చెంబులోకి చూసింది. వ్యాను వైపు చూసింది. చెయ్యి మెల్లగా దిగింది. చుట్టూ అంతమంది ఉన్నా ఆ క్షణాన ఆమె ఒంటరిగా, పొరపాటున ఇంకెవరింటికో పేరంటానికొచ్చిన మనిషిలా కనిపించింది.

అది చూశాక జ్యోత్స్నకి నోరు మూసుకుని ఉండటం చేతకాలేదు. "సముద్రం ఎక్కడి నుంచీ రాలేదండీ. నేనే కలిపాను. అత్త కోసం. మేడ మీద, పాత ట్యాంకులో."

"పాత ట్యాంకు కనెక్షన్ ఇచ్చామని గ్రూపులో పెట్టాను కదమ్మా!"

"గ్రూపు నేను చూడనండీ."

గోవిందరావు తువ్వాలు మళ్ళీ బిగించాడు. "ఎంత కలిపావు?"

"ఏ యూనిట్లో చెప్పమంటారు?"

"ఏ యూనిట్లోనూ వద్దు!"

ట్యాంకు వదిలేశారు. జ్యోత్స్న కలిపిన అల మొత్తం మేడ మీద నుంచి తూము గుండా వీధిలోకి పోయింది. ట్యాంకు కడిగి మళ్ళీ నింపుదామని మోటారు స్విచ్చి వేసేసరికి కరెంటు పోయింది. ప్లంబరుకి ఫోన్ చేస్తే బంధువుల పెళ్ళిలో ఉన్నాననీ, భోజనాలయ్యాక వస్తాననీ, ఇంకా తాళి కట్టలేదనీ చెప్పాడు. అపార్ట్‌మెంటు మొత్తం మీద మిగిలిన నీళ్ళు సూర్యప్రకాష్ బండి మీదివి. వాటితో స్నానమంటే గోవిందరావు గారి ఒక భుజానికి సరిపోతాయి.

అప్పుడు సన్యాసమ్మ మెల్లగా నోరు విప్పింది. "మా ఊరు రండి. మా ఇంటి ఎనకాల నుయ్యి ఉంది. నీళ్ళు తియ్యగుంతయి. ఊరికి ఆ పేరు ఊరికే పెట్టినారేటి?"

అందరూ ఒక్కసారి చిరంజీవి వైపు తిరిగారు. తర్వాత వ్యాను వైపు.

"ఇప్పుడా? అమ్మ కంటికి ఉప్పుగాలి..." అన్నాడు చిరంజీవి. ఎవరూ వినలేదు. నాగమణి అప్పటికే ఇడ్లీ గిన్నెలు ఎక్కిస్తోంది.

జ్యోత్స్న అతన్ని గోడ పక్కకి లాక్కెళ్ళింది. "డాక్టరు సంగతి నాకూ తెలుసు బావా. అసలు సంగతేటి?"

చిరంజీవి వ్యాను తాళాలు ఇటూ అటూ తిప్పాడు. "అక్కడికెళ్తే మళ్ళీ రాదే. నా కాలేజీ చదువుకి నన్ను హాస్టల్లో పడేశారు, తర్వాత వ్యాపారమని ఇక్కడే ఉండిపోయాను. ఇన్నేళ్ళకి మా అమ్మ నా ఇంట్లో ఉంది. పొద్దున్నే కళ్ళు తెరవకముందు దాని దగ్గు వినిపిస్తాది. అదొక్కటి చాలు నాకు. ఆ ఇసక తగిలితే ఇంకేటి, రాజుగాడి దగ్గరే ఉండిపోద్ది."

జ్యోత్స్న తలెత్తి మేడ మీది ట్యాంకు వైపు చూసింది. అత్తగారికి సముద్రం మీద ఉన్న బెంగే ఈ మనిషికి అత్తగారి మీద ఉంది. రెండింటినీ ఒకే ట్యాంకులో పట్టించే లెక్క ఏ పాఠంలోనూ లేదు.

"ఓ చిరంజీవి బాబూ! బేగి తియ్యి బండి!" నాగమణి కేకేసింది. "ప్రెసిడెంటుగోరు ఎండిపోయి పెళ్ళలూడిపోతన్నారు!"

వ్యాను జీడితోటల మధ్య నుంచి, కొబ్బరితోటల మధ్య నుంచి వెళ్ళింది. వెనకాల బస్తాల మీద అపార్ట్‌మెంటు అంతా కూర్చుంది. ముందు సీట్లో సన్యాసమ్మ చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొబ్బరితోటలు దాటగానే గాలి మారింది. ఆమె నాలుకతో పెదాలు తడుముకుంది. చిరంజీవి అది చూశాడు. బండి వేగం తగ్గించాడు.

ఒడ్డున ఒకే ఒక్క బోటు మిగిలింది. దాని పక్కన రాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సన్యాసమ్మ ఎవరినీ పలకరించకుండా తిన్నగా నీళ్ళలోకి నడిచింది. రెండు అలలు వచ్చి వెళ్ళాయి. మూడోది చెంబులోకి వచ్చింది. బోటు ముక్కు మీద పోసి, అరచేత్తో ఒకసారి తోసింది. మిగతాది అందరూ తోశారు. తువ్వాలు మీదున్న గోవిందరావు కూడా "రైట్, రైట్" అంటూ భుజం ఆనించాడు. రాజు ఎక్కాక, ఇంజన్ అందుకుని బోటు అలల మీదికి ఎక్కి, దిగి, చిన్నదైపోయింది. అది కనబడినంతసేపూ ఆమె కదల్లేదు.

తర్వాత వంగి, చిటికెడు నీళ్ళు నాలుక మీద వేసుకుని, కోడలి వైపు తిరిగింది. "నువ్వు కలిపిందే బాగున్నాదే. ఇది సప్పగున్నాది."

"నదుల నీళ్ళు కలుస్తాయి కదత్తా. గాఢత కొంచెం తగ్గుతాది."

"అందుక్కాదు. దానికెవులు తూసి పోత్తారు, నీలాగ?"

జ్యోత్స్న కూడా వంగి ఒక చుక్క నాలుకకి తాకించుకుంది. కాలేజీలో ఎంత బాగా చెప్పినా ఎవరూ అలా అనలేదు.

మధ్యాహ్నమంతా నూతి గిలక ఆగలేదు. గోవిందరావుకి నురగ వచ్చింది. వచ్చిందని పిల్లాడిలా అందర్నీ పిలిచి చూపించాడు. వెంట వచ్చిన సూర్యప్రకాష్ ఎవరూ చూడకుండా నూతి నీళ్ళలో మీటరు ముంచి, అంకె చదివి, తల ఎటూ ఊపకుండా జేబులో పెట్టేసుకున్నాడు. ఆయన వ్యాపారానికి పనికొచ్చే అంకె కాదది.

పొద్దు వాలుతుండగా తిరుగు ప్రయాణం మొదలైంది. అందరూ వెనక ఎక్కారు. చిరంజీవి మాత్రం వ్యాను చుట్టూ తిరుగుతున్నాడు. టైర్లు తన్ని చూశాడు. మళ్ళీ తిరిగి మళ్ళీ తన్నాడు. ఇంటి అరుగు మీద అమ్మ లేదు. లోపలా లేదు. ఒడ్డుకి పోయి ఉంటుంది. పిలిస్తే, రానంటే, ఆ మాట అంతమంది ముందు వినాలి.

"పోదాం" అన్నాడు జ్యోత్స్నతో, ఇసకవైపు చూస్తూ. "అమ్మ ఉంటాదిలే. దాని ఊరు. దాని సముద్రం. వారం వారం నేనే వచ్చి చూసి పోతాను."

డ్రైవరు సీటు వైపు తలుపు తీశాడు. ముందు సీట్లో సన్యాసమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో చెంబు, నిండా నీళ్ళు, పైన తాటాకు ముక్క మూత.

"ఎంతసేపు తంతావురా టైర్లని? అయ్యేటి సేసినాయి నిన్ను?"

చిరంజీవి తాళాలు జేబులో పెట్టి, మళ్ళీ తీశాడు. "ఉండిపోవా అమ్మా?"

"ఉండి? ఆడు ఏటకెల్తే వారానికో పూట కనిపిత్తాడు. సూసినాను, కాళ్ళు తడిసినాయి, సాలు. నీ కొంపల ఎవులు దగ్గుతారు నాను నేకపోతే?" గోడ పక్కన మాటలు ఆమె చెవిన పడ్డాయని అతనికి అప్పుడు తెలిసింది. కన్నుకేగాని చెవికెప్పుడూ ఆపరేషన్ అవసరం రాలేదు ఆమెకి.

చిరంజీవి మొహం పక్కకి తిప్పుకుని బండి స్టార్ట్ చేశాడు.

"ఇదిగో, ఒక మాట" అంది సన్యాసమ్మ. "మళ్ళీ బెంగొచ్చినపుడు తీసుకురావాల."

"తీసుకొస్తాను."

"వచ్చే ఆదివారం సూద్దాం అన్నావనుకో, నాకేటి ఇబ్బంది నేదు. ఉప్పు బస్తాల సగం పైనే ఉన్నాది. కోడలు మళ్ళీ కలుపుతాది."

వెనక నుంచి అపార్ట్‌మెంటు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. "తీసుకురావయ్యా చిరంజీవీ!" అందరికంటే గట్టిగా అరిచింది గోవిందరావు. ప్రతి శనివారం సాయంత్రం తానే వచ్చి టైర్లలో గాలి చూస్తానని అక్కడికక్కడే ప్రకటించాడు.

జ్యోత్స్న గ్రూపుని మ్యూట్ తీసేసింది. అత్తగారి చెంబు దేవుడి గదిలో చేరింది. ఆ వారమంతా అపార్ట్‌మెంటులో ఎవరూ కూరల్లో ఉప్పు వేసుకోలేదు, పైపుల్లో మిగిలిన సముద్రం పుణ్యాన వేసుకోవలసిన అవసరం రాలేదు.